రెండిండ్ల కొక్క పెట్టె

పూర్వము ఇంటి దస్తావేజులు, జాతకములు, ఋణపత్రములు భోషాణములో నుండెడివి. దాని తాళపుచెవి ఇల్లాలి కొంగున నుండెడిది. నేడా కాగితములలో సగము ఫోనులోనికి జేరినవి. పిల్లల మార్కుల పత్రములు, పొలము పాసుపుస్తకపు నకలు, పెద్దల మందుల చీట్లు, గతించినవారి ఛాయాచిత్రములు, అన్నియు అరచేతిలోని అద్దపుపలకలో నున్నవి. ఆ ఫోను నీట బడిననాడు, దొంగ లెత్తుకొనిపోయిననాడు వాని గతి యేమి? ఈ నెల మన ప్రసంగము దీనిని గూర్చియే.

మా కుటుంబము రెండూళ్ల నున్నది. మేము వికారాబాదులో కాపురముందుము. మా మఱదిగారు తాండూరులో నాపరాళ్ల వ్యాపారము చేయుచున్నారు. రైలుమార్గమున నడిమి దూరము సుమారు 40 కిలోమీటరులు. అత్తగారు కొన్ని నెలలిక్కడను, కొన్ని నెలలక్కడను నుందురు. ఆమె కాగితములును ఆమెతోపాటు రెండుచోట్ల నుండవలెను గదా! అందులకై మావారును మేమును కూర్చుండి సింక్‌థింగ్ అను సాధనము నమర్చితిమి. 2013లో మొదట వెలువడిన యీ సాధనమునకు వెల లేదు, నెలనెలా అద్దెయు లేదు. మన ఫైళ్లు పరుల కంప్యూటరులో నిలువయుండక మన యిండ్లలోనే యుండును.

ఇది చేయు పని యేమనగా, మనము చూపిన ఫోల్డరును రెండు యంత్రములలోను ఒక్కతీరుగా నుంచుట. ప్రతి ఫైలును ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకును ఒక గుర్తు కట్టి, ఆ గుర్తులను పోల్చి, మాఱిన ముక్కలను మాత్రమే పంపును. చీరకు చిరుగుపట్టినచోట మాత్రమే అతుకు వేయుదుము గాని చీరయంతయు మరల నేయింపము గదా, అట్లే. దారిలో నెవ్వరును చదువకుండ గూఢలిపిలో పంపును.

అమర్చుటలో నాలుగు సంగతులు ముఖ్యములు. మొదటిది: ఒక యంత్రము సదా మేల్కొని యుండవలెను. రెండు ఫోనులును వేర్వేఱు వేళల మేల్కొన్నచో వాని మధ్య మాటలు సాగవు. మే మొక పాత ల్యాప్‌టాపును ఇన్వర్టరుకు తగిలించి వికారాబాదులో నుంచితిమి. సర్వరు పని యదియే చేయుచున్నది. రెండవది: ప్రతి యంత్రమునకు 56 అక్షరముల పేరు గలదు. ఆ పేరు నిచట వారును అచట వీరును వ్రాసికొని, ఇరువైపులవారును సమ్మతించినగాని సంబంధము కుదరదు. పెండ్లిమాటలవలెనే, ఊరు పేరు తెలియని కబురు వచ్చిన నంగీకరింపరాదు. మూడవది: యంత్రమును నడపు పుట మొదట ఆ యంత్రమునందే తెఱచుకొనును. ఇంటిలోని యితర యంత్రములనుండి దానిని తెఱువగోరినచో ముందు పాస్‌వర్డు పెట్టవలెను. నాలుగవది: ఫోల్డరు ఏ దిక్కునకు నడువవలెనో నిర్ణయించుట. ఇచ్చిపుచ్చుకొనుట, ఇచ్చుట మాత్రమే, పుచ్చుకొనుట మాత్రమే అను విధములు గలవు. మీ ఫోనునుండి ఛాయాచిత్రములు పోవుటకు రెండవ విధము చాలును.

ఇంతవఱకు సులభము. అసలు సంగతి ఇక వినుడు. రెండిండ్లలో నొక్కతీరుగా నుంచుట వేఱు, భద్రపఱచుట వేఱు. ఈ యంత్రము మంచిని మోసినంత నిష్ఠగా చెడ్డను గూడ మోయును. ఒకచోట చెఱిపినది రెండవచోటను చెఱుగును. ఇచ్చుట మాత్రమే యన్న ఫోనులో చెఱిపినను అంతియే.

ఒకమాఱు మా తోటికోడలు తన ఫోనులో చోటు చాలక పాత చిత్రములను తీసివేసినది. వానిలో కీర్తిశేషులైన మామగారి చిత్రములు గలవు. వికారాబాదున నున్నవి గదా యని ఆమె నిశ్చింతగా నుండెను. మఱునాడు మేము చూచునప్పటికి ఇక్కడను లేవు. "అక్కా, మామయ్యగారిని రెండవసారి పోగొట్టితినా?" యని ఫోనులో ఆమె కంట తడి పెట్టినది. ఆమె దోష మించుకయు లేదు, యంత్రధర్మ మట్టిది.

అదృష్టవశమున మా ల్యాప్‌టాపులో పాతప్రతుల నుంచు ఏర్పాటు చేసియుంటిమి. వచ్చిన మార్పుచే చెఱుగవలసిన ఫైలును పూర్తిగ తుడువక, ఆ యంత్రము చాటుగానుండు వేఱొక ఫోల్డరులో దాచియుంచెను. అందుండి చిత్రములన్నియు మరల గైకొంటిమి. ఈ యేర్పాటు తనంతట కలుగదు, మనము కోరవలెను. మెట్లమెట్లుగా నుంచు విధమును ఎన్నుకొన్నచో, మొదటి 30 దినములలో దినమున కొకటియు, పిమ్మట వారమున కొకటియు చొప్పున 365 దినములవఱకు పాతప్రతు లుండును. మఱియొక మెలిక గలదు. ఇతర యంత్రములనుండి వచ్చిన మార్పులకే యీ రక్షణము. ఆ యంత్రమునందే మనము స్వయముగా చెఱిపినచో అచట నేమియు దాగదు. కావున ప్రతి యింటి యంత్రములోను దీనిని వేర్వేఱుగా నమర్చవలెను.

ఇంతకంటె సూక్ష్మమైనది మందుల చీటి సంగతి. అత్తగారు తాండూరున నుండగా వైద్యుడు రక్తపుపోటు మాత్రను సగమునకు తగ్గించెను. తోటికోడలు చీటిలో దిద్దినది. వర్షమువలన నాడచట ఇంటర్నెట్టు లేదు. ఆ సాయంకాలమే మేమిచట అదే చీటిలో కంటిచుక్కల మందు చేర్చితిమి. ఇట్లు రెండుచోట్ల దిద్దినప్పుడు యంత్రము తీర్పు చెప్పదు. తరువాత దిద్దినదానికి అసలు పేరుంచి, ముందు దిద్దినదానికి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని పేరు తగిలించి రెంటిని నుంచును. మాది తరువాతిది, అందు మాత్ర పూర్తిగనే యున్నది! ఆ రెండవ ప్రతిని చూడకున్నచో అత్తగారు మా యింటికి వచ్చిననాటినుండి రెట్టింపు మందు పడియుండెడిది.

పూర్వులకిది క్రొత్త కాదు. దీనినే వారు పాఠభేద మనిరి. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి, తాళపత్రప్రతుల నొకదానితో నొకటి సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వెనుక వ్రాయబడినదే సరియైన దనుట చెల్లదు. చదివి విచారించువా డొకడు వలయును. యంత్రము లేఖకుడే గాని పండితుడు కాదు. నాటినుండి మా యిండ్లలో నియమమొకటి చేసికొంటిమి: అత్తగా రేయింట నుందురో ఆ యింటివారే చీటి దిద్దవలెను, రెండవవారు చదువుటయే.

ఇక మూడవప్రతి మాట. మన అనంతగిరి కొండలలో బుట్టిన మూసీనది 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమును ముంచెను. ఒక్కచోట నున్న వస్తువు ఒక్క వఱదలో పోవునని చెప్పుటకు వేఱు నిదర్శన మేల? రెండూళ్ల నుంచినచో వఱదకును అగ్నికిని విఱుగు డగును. కాని పొరపాటున చెఱిపినదానికి, రోగకారక ప్రోగ్రాము ఫైళ్లను పాడుచేసినదానికి దూరము విఱుగుడు కాదు. ఆ చెడుగు తీగవెంట రెండవ యింటికిని నడచును. కావున నెలకొకమాఱు హార్డుడిస్కులోనికి నకలు దీసి, తీగ విప్పి, పెట్టెలో బెట్టుడు. తీగ లేని ప్రతికి కబుర్లు చేరవు. అదియే దాని బలము.

పాస్‌వర్డు మగవారి జ్ఞాపకమున మాత్రముండుట క్షేమము కాదు. కాగితముపై వ్రాసి నగలపెట్టెలో నుంచుడు. హార్డుడిస్కునకు నకలు దీయునాడే దానిలోని పాతచిత్ర మొకదానిని తెఱచి చూడుడు. తెఱువని భోషాణములో బట్టలున్నవో, చెదలున్నవో ఎవరికి దెలియును?