వెబ్ టెలిస్కోప్ లెక్క తేల్చేది ల్యాబులే.. మరి కోత ఎవరికి?

నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీలో 1975లో మేయో గ్రీన్‌బర్గ్ ఒక ల్యాబ్ మొదలుపెట్టారు. నక్షత్రాల మధ్య జరిగే కెమిస్ట్రీని భూమ్మీద చేసి చూడటమే దాని పని. గాలి దాదాపు పూర్తిగా తీసేసిన స్టీల్ ఛాంబర్‌లో, సుమారు మైనస్ 260 డిగ్రీల చలిలో నీరు, మిథనాల్, అమ్మోనియా లాంటి వాటిని పలుచని మంచు పొరగా మారుస్తారు. దానిపై అల్ట్రావయొలెట్ కాంతి పంపుతారు. 2002లో ఇలాంటి ప్రయోగంలో మిగిలిన పదార్థాన్ని ఆమ్లంతో మరిగించి పరీక్షిస్తే 16 అమైనో ఆమ్లాలు దొరికాయి. జీవానికి కావాల్సిన ముడిసరుకు అంతరిక్షంలోనే తయారయ్యే అవకాశం ఉందన్నమాట.

ఈ ల్యాబులతో ఇంకో పెద్ద అవసరం ఉంది. ఒక్కో మంచు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఒక్కో తీరుగా పీల్చుకుంటుంది. ఆ ఆనవాళ్లను ల్యాబులో ముందే కొలిచి రికార్డు చేస్తారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కమీలియన్ మేఘంలో నీరు, మీథేన్, అమ్మోనియా, మిథనాల్ మంచును గుర్తించిందని 2023లో ప్రకటించారు. ఆ పోలిక కుదిరింది ల్యాబ్ రికార్డులతోనే. వెబ్ ఖర్చు దాదాపు 1000 కోట్ల డాలర్లు. ల్యాబ్ లేకపోతే దాని డేటా ఖాతా పేర్లు లేని లెడ్జర్ లాంటిదే.

అయినా 2024లో డచ్ ప్రభుత్వం ఉన్నత విద్య, పరిశోధన నిధుల్లో భారీ కోతకు దిగింది. నవంబర్ 25న ది హేగ్‌లో వేలాది మంది విద్యార్థులు, అధ్యాపకులు రోడ్డెక్కారు. తర్వాత కోత కొంత తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు.

టెలిస్కోప్ అందరికీ కనిపిస్తుంది, ల్యాబ్ కనిపించదు. ఈ రోజు చేసిన కొలత పదేళ్ల తర్వాత అక్కరకు రావొచ్చు. ఒక్క ఏడాది బడ్జెట్ చూసి దాన్ని దండగ అనుకుంటే, నష్టం బయటపడేది కూడా పదేళ్ల తర్వాతే.