అడుగున ఎవరి పేరు?

బీరు రుచి నాకు తెలియదు గాని, బీరు పోసుకునే జర్మనీ కూజాల పట్ల మాత్రం నాకు గౌరవమున్నది. ఇంగ్లీషులో వాటిని స్టైన్ అంటారు. మట్టితోనో పింగాణీతోనో చేసి, బొటనవేలితో ఎత్తే తగరపు మూత బిగించిన పిడి కూజాలవి. నా గౌరవం వాటి నగిషీకి కాదు, అడుగుకు.

నంద్యాలలో ఒక బంధువుల ఇంట అలమరలో అటువంటిది ఒకటుంది. దాన్ని తిరగేసి చూచిన నాటినుంచి ఈ అడుగుల విద్య నన్ను పట్టుకున్నది. విల్లెరాయ్ అండ్ బోఖ్ వారి మెట్‌లాఖ్ కార్ఖానా 1809లో కొన్న ఒక పాత క్రైస్తవ మఠంలో వెలసింది. ఆ మఠ గోపురమే తరువాత వారి ముద్రలలో ఒకటైంది. ముద్రతో పాటు నమూనా సంఖ్య ఉంటుంది, చేసిన సంవత్సరానికి రెండంకెలుంటాయి. 05 అంటే 1905. కొన్నింటి మీద హైన్రిఖ్ ష్లిట్ వంటి చిత్రకారుల సంతకం కూడా కనబడుతుంది. అడుగున 'జర్మనీ' అని ఇంగ్లీషులో ఉంటే, అది చాలావరకు 1891 తరువాతిదని లెక్క. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలన్న అమెరికా చట్టం అమలులోకి వచ్చింది అప్పుడే. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949కి ముందుది కానేరదు, అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా సరే. తాగి పక్కన పెట్టే పాత్ర ఇంత చరిత్రను కడుపు కింద దాచుకున్నది!

మన ఇళ్ళలోని పాత ఇత్తడి బిందె తిరగేయండి. పేరు లేకపోలేదు, కాని అది కొన్నవారి పేరు. అమ్మమ్మ పేరు, ఇంటిపేరు, ఒక్కోసారి పెళ్ళి తేదీ. పోత పోసిన చేతుల ఊసు ఎక్కడా లేదు. బిందె సంగతి పోనివ్వండి. నంద్యాల నుంచి కడప దారిలో ఆళ్ళగడ్డ చేరండి. రోడ్డు పక్క పందిళ్ళలో కృష్ణశిల దుమ్ము లేస్తుంటుంది. గ్రైండరు మోత నడుమ ఉలి చప్పుడు వినిపిస్తుంది. అక్కడ చెక్కిన దేవుళ్ళు దేశమంతటా, సముద్రాల అవతల కూడా పూజలందుకుంటున్నారు. ఆళ్ళగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరిని చెబుతుంది గాని చేతిని చెప్పదు. నూరేళ్ళ తరువాత ఒక నరసింహమూర్తిని చూచి ఇది ఫలానా ఆచారి పని అని చెప్పగల ఆధారమేదీ మనం మిగల్చడం లేదు.

"దేవుడి మీద నా పేరేమిటి స్వామీ, కళ్ళు చెడిపోవూ?" అన్నాడొక పెద్దాయన. ఆ వినయానికి నమస్కారం. కాని అది శాస్త్రమని నేను ఒప్పుకోను. ఎనిమిదో శతాబ్దపు పట్టదకల్లు విరూపాక్షాలయంలో గుండ అనే స్థపతి పేరు శాసనానికెక్కింది. హొయసలుల శిల్పి మల్లితమ్మ తన పేరు రాతి మీదే చెక్కుకున్నాడు. మన పాలంపేటలో 1213 నాటి శాసనం గుడి కట్టించిన రేచర్ల రుద్రుణ్ణి కీర్తించింది. శిల్పిదని జనం నమ్మే రామప్ప పేరు మాత్రం జనం నాలుక మీదే బతికింది. అందరికీ అంత అదృష్టం పడుతుందా?

వినయమే ఆచారమైతే అది దాతలకూ వర్తించాలి గదా! గుడిలో ట్యూబులైటు కొనిచ్చినవాడు సగం వెలుతురు ఆగిపోయేలా దాని మీద పేరు రాయించుకుంటాడు. ఆ వెలుతురులో మనం చూసే మూర్తిని చెక్కినవాడు నయనోన్మీలనం ముగియగానే మెట్లు దిగిపోతాడు.

మూర్తి మీద వద్దంటే వద్దు. ప్రతిష్ఠలో అష్టబంధనంతో అతుక్కుపోయే పీఠం అడుగు ఉన్నది. కూజా అడుగులాగే పూజ చేసేవారికి, దండం పెట్టేవారికి కనబడదు. శిల్పి పేరు, ఊరు, సంవత్సరం అక్కడ చెక్కితే ఏ శాస్త్రానికి లోటు? పీఠం కిందికి చేరిన పేరు బయటివారికి ఎలా తెలుస్తుందంటారా? చెక్కినప్పుడే ఫోటో తీసి గుడి దస్తావేజులలో ఉంచవచ్చు. రేపు విగ్రహం దొంగల పాలై ఏ దేశపు వేలంలోనో తేలితే, ఇది మాదని చెప్పడానికి అదొక సాక్ష్యం. ఆలయ కమిటీలు శిల్పికి బయానా ఇచ్చేటప్పుడే ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం చేర్చాలి. అడగకుండా ఆ ఆచారులు తమ పేరు చెక్కరు.