ఉప్పులో విషం ఉందా?



మొన్న మన గ్రూపులో ఒక మెసేజి తిరిగింది. ఉప్పంటే సోడియం, క్లోరిన్ అట. సోడియం నీళ్ళు తగిలితే మండుతుందట, క్లోరిన్ యుద్ధంలో మనుషుల్ని చంపిన గ్యాసట, పైగా కంపెనీలు అయోడిన్ కూడా కలుపుతున్నాయట. ప్యాకెట్టు ఉప్పు మానేసి కళ్ళుప్పు వాడమని చివర సలహా. చాలామంది దండాల బొమ్మలు పెట్టారు. మా కోడలికి ఐదో నెల. ఆ రాత్రే డబ్బాలో ఉప్పు మార్చేసింది. అందుకని రాస్తున్నాను.

సోడియం సంగతి నిజమే, దాన్ని కిరసనాయిల్లో దాస్తారు. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలిందీ నిజమే. కానీ అవి విడివిడిగా ఉన్న మూలకాలు. రెండూ రసాయన చర్యలో కలిస్తే పుట్టేది సమ్మేళనం, దాని గుణాలు దానివే. మిక్చర్ పొట్లంలో పల్లీలు పల్లీలుగానే ఉంటాయి, ఏరుకోవచ్చు. అది ఉత్త మిశ్రమం. ఉప్పులోంచి క్లోరిన్‌ని అలా ఏరలేం. నీళ్ళనే చూడండి. హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మండిస్తుంది, రెండూ కలిసిన నీళ్ళతో మంట ఆర్పుతాం.

కళ్ళుప్పు మాత్రం వేరా? మన బరంపురం నుంచి రైల్లో వెళ్తుంటే హుమ్మా దగ్గర కనిపించే తెల్లటి కుప్పలు కూడా సోడియం క్లోరైడే. బీపీ ఉన్నవారికి డాక్టరు తగ్గించమనేది ఈ ఉప్పులోని సోడియాన్నే. రోజుకు 5 గ్రాముల లోపు అన్న లెక్క ఏ ఉప్పుకైనా ఒకటే.

ఇక అయోడిన్. గాయానికి రాసే టింక్చరు కాదు కలిపేది, పొటాషియం అయొడేట్ అనే సమ్మేళనం. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అది కావాలి. సముద్రం ఉప్పు కదా, సహజంగానే ఉంటుందనుకుంటారు. కలపకపోతే సరిపడా ఉండదు.

నా అసలు బాధ ఇంకొకటి. మన పిల్లలు బడిలో మౌళిక, యౌగిక అని ఒడియాలోనో, ఎలిమెంట్, కాంపౌండ్ అని ఇంగ్లీషులోనో చదువుతారు. ఇలాంటి మెసేజి మాత్రం తెలుగులో వస్తుంది. ఇంటర్ చదివే మా మనవరాలికి సంగతంతా తెలుసు, నాయనమ్మకి తెలుగులో చెప్పబోయి ఆగిపోయింది. ఆదివారం తెలుగు తరగతిలో పద్యాలు చెబుతున్నాం, మంచిదే. నెలకొక్క ఆదివారం ఈ మాటలూ చెబుదాం. మూలకం, సమ్మేళనం, మిశ్రమం. సైన్సు మేష్టార్లు మన సంఘంలోనే ఉన్నారు, అడిగితే కాదంటారా?

మెసేజి పెట్టినవారు దయచేసి తీసెయ్యండి. పచ్చడి జాడీలోకి కళ్ళుప్పు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కూరలోకి మాత్రం అయోడిన్ ఉప్పే వెయ్యండి.