కోడి కూయకముందే

దేవుని సన్నిధి ఎక్కడ దొరుకుతుందో ప్రతి ఆదివారం అయ్యగార్లు చెబుతూనే వున్నారు. తెల్లారుజామున మోకాళ్ళూనితే దొరుకుతుందట. ఏకాంతంలో దొరుకుతుందట. తెల్లారుజామున మన ఆడవాళ్ళు నాట్లకు ఆటోలెక్కుతారయ్యా! ఒంటిగది ఇంట్లో ఏకాంతం ఎక్కణ్ణించి తెస్తారు? అయినా వాళ్ళకు దేవుడు తెలుసు. గంజి వారుస్తూ "స్తోత్రం తండ్రీ" అంటారు. పురుగుమందు కొట్టొచ్చిన మొగుడు పొద్దున్నే లేచి కూర్చుంటే "స్తోత్రం" అంటారు. మాకు తెలిసిన సన్నిధి అదే.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే పొయ్యిలు పెట్టుకున్నారు. ఉద్యమమూ అక్కడే లేచింది. సన్నిధి అంటే మాకు ఆ పొయ్యిలే గుర్తొస్తాయి.

మరి ఇంతగా మనతో వుండే దేవుణ్ణి మనం ఎందుకు దాస్తున్నాం? మేము బడిపంతుళ్ళం. జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చునేది మేమే. మెడలో సిలువను జాకెట్లోకి తోసుకుని తల్లి వస్తుంది. పేరు? మరియమ్మ. మతం? ఒక్క క్షణం మా మొహం చూసి "హిందూ అని రాయండి సారూ" అంటుంది. రాస్తాం. మమ్మల్ని బళ్ళో వేసిననాడు మా అయ్య కూడా అలాగే రాయించాడు. ఆ రాత మీదే చదివాం, ఆ రాత మీదే ఈ కుర్చీలో కూర్చున్నాం. చలిమంట దగ్గర పేతురు ఆయన్నెరుగనని మూడుసార్లు బొంకాడు. మనచేత మూడు తరాలుగా బొంకిస్తున్నారు.

బొంకిస్తున్నది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనకు తలుపు తియ్యలేదు. బీసీ-సి అని ఒక్క శాతం విసిరారు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేడంది. కులం పేరు పెట్టి తిట్టేవాడు చంకలో బైబిలుందో లేదో చూసి తిడతాడా?

అయ్యగార్లూ, ఉద్యోగం కోసం దేవుణ్ణి అమ్ముకున్నారని మన పిల్లల్ని పులిపిటం మీంచి ఎత్తిపొడవడం ఇక చాలించండి. ఈ ఆదివారం ఆ ఉత్తర్వులో మూడో పేరా చదివి ప్రార్థన చేయించండి. సోమవారం సంఘాన్ని వెంటేసుకుని కలెక్టరాఫీసుకు రండి. మేము గేటు దగ్గరుంటాం.