పచ్చరంగుకు శరమ్, చెమ్మకు పరదా

ఇల్లు అమ్మాలనుకున్న రోజే మన ఇళ్ళలో బహస్ మొదలవుతుంది: ఏ రంగు వేయించాలి? దలాల్ వస్తాడు, హాల్లోని పచ్చగోడను చూసి ముఖం చిట్లిస్తాడు. "ముందు ఈ హరా తీసేయండి భాయ్. క్రీమ్ వేయిస్తే గది పెద్దగా కనబడుతుంది" అంటాడు. గుమ్మం మీది 786 కూడా కనబడకుండా రంగు కొట్టించమంటాడు. మనం సరే అంటాం.

నాకు క్రీమ్ రంగుతో దుష్మనీ లేదు. లేత రంగు వెలుతురు పెంచుతుంది, ఇరుకు గది కాస్త విశాలంగా కనిపిస్తుంది. పచ్చరంగు వేయడం ఫర్జూ కాదు, సున్నతూ కాదు. మన రివాజు, మన ముహబ్బత్, అంతే. అమ్మే ఇంటికి ఏ రంగైనా వేయించుకోండి. నా ఝగడా రంగు కింద దాచేదానితో.

ఎందుకంటే దలాల్ రెండో సలహా గొంతు తగ్గించి ఇస్తాడు. "బాత్రూం వెనక గోడ ఉబ్బింది కదా, గీకించి లప్పం పెట్టించండి. పైన రెండు కోట్లు కొడితే ఎవరికీ తెలియదు. వానలు పడేలోపు బేరం తేల్చేద్దాం." మే నెలలో గోడ ముద్దుగానే ఉంటుంది. వానాకాలం రాగానే లప్పం పొక్కులు లేస్తుంది, తెల్లటి ఉప్పు పూస్తుంది. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది.

పచ్చరంగు కనిపిస్తే శరమ్ పడుతున్నాం. సీలన్ దాచడానికి మాత్రం శరమ్ లేదు. దీన్‌ను గుర్తుచేసే రంగు చెరిపేసి, దీన్ మనా చేసిన పనిని ఆ గోడ మీదే చేస్తున్నాం.

బజార్లో ధాన్యం రాశి సంగతి జుమా బయాన్లలో ఎన్నిసార్లు వినలేదు? దైవప్రవక్త (స) రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని చెప్పాడు అమ్మేవాడు. తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, ధోకా చేసేవాడు తన వాడు కాదన్నారు. మన గోడలను తడిపిందీ వానే. మనం కప్పేదీ పైపొరతోనే.

మనలో ఎక్కువమంది హనఫీలం. ఇమామ్ అబూ హనీఫా కూఫాలో బట్టల తాజిర్. ఐబ్ ఉన్న బట్టను ఆయన భాగస్వామి చెప్పకుండా అమ్మేస్తే, ఆ సొమ్మంతా సదఖా చేశారని చెబుతారు. కొన్నాక దాగిన లోపం బయటపడితే సరుకు వాపసు ఇచ్చే హక్కుకు ఫిఖ్‌లో ఖియారె ఐబ్ అని పేరే ఉంది. దేశ కానూనూ ఇదే దారిలో ఉంది. కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు బయటపెట్టాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది.

"బేటీ షాదీ ఉంది, ధర తగ్గితే ఎలా?" అంటారు. మజ్బూరీ నిజమే. కానీ ఆ ఇల్లు కొనేదెవరు? చాలాసార్లు మన మొహల్లాకే వచ్చే మరో కుటుంబం. వేరే బస్తీల్లో మనకు ఇల్లు దొరకడం ఎంత ముష్కిలో మీకు తెలుసు. జిద్దాలోనో దుబాయ్‌లోనో ఏళ్ళ తరబడి చెమటోడ్చి కూడబెట్టిన కమాయి అది. వాళ్ళింట్లోనూ ఒక బేటీ ఉంటుంది. కొనేవాడు హిందువైనా, క్రైస్తవుడైనా హుకుం మారదు.

చేయాల్సింది కష్టమేం కాదు. ముందు కారే పైపు మార్పించండి, పగిలిన స్లాబు బాగుచేయించండి. పైసా లేదంటే గోడ చూపించి, మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించి, ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించండి. నాలుగు రూపాయలు తగ్గవచ్చు. వచ్చింది హలాల్‌గా వస్తుంది.

దలాల్ రంగుల కార్డు తెచ్చినప్పుడు ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ప్లంబర్‌ను పిలవండి. పెయింటర్ పని ఆ తర్వాత.