పండుగ కానుకకు చక్కెర బిళ్ళలు

రమజాన్ నెల సగం దాటగానే మన ఇళ్ళలో ఒక లెక్క మొదలవుతుంది. ఈ ఏడు ఎన్ని ఇళ్ళకు మిఠాయి పంపాలి? పై వాటాలో ఉన్నవారికి, ఎదురింటివారికి, పిల్లల ఉపాధ్యాయినికి, అబ్బాయి పనిచేసే చోట పదిమందికి. బాలానగర్‌లోనూ, దానినానుకొని ఉన్న ఫతేనగర్, మూసాపేటలలోనూ యంత్రాల షెడ్లలో రెక్కల కష్టం చేసే సంసారాలకు ఈ లెక్క తేలికైనది కాదు. పండుగ నమాజుకు ముందే ఇంట్లోని ప్రతి మనిషి తరఫున ఫిత్రా చెల్లించాలి, పిల్లలకు బట్టలు కుట్టించాలి, ఇంటి అద్దె ఎలాగూ తప్పదు. ఇవన్నీ పోగా మిగిలిన దానిలో పన్నెండు మిఠాయి పెట్టెలు కొనాలంటే కొందరు అప్పు చేస్తున్నారు, కొందరు కానుకే మానుకుంటున్నారు. రెండూ మంచివి కావు. అప్పు పండుగ వెళ్ళిన తరువాత కూడా ఇంట్లోనే కూర్చుంటుంది. మానుకున్న కానుక ఇరుగుపొరుగుల మధ్య ఒక చిన్న మౌనంగా మిగులుతుంది.

పొరుగింటి ఆడపడుచు పంపిన కానుక ఎంత స్వల్పమైనదైనా చిన్నచూపు చూడవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్త్రీలను ప్రత్యేకంగా ఉద్దేశించి చెప్పారు. ఇద్దరు పొరుగువారుంటే ముందుగా ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (రజి.) అడిగినప్పుడు, ఎవరి గుమ్మం దగ్గరైతే వారికేనని సమాధానమిచ్చారు. ఈ సమాధానంలో పొరుగువారి ధర్మం ఏదన్న షరతు లేదు. మన బహుళ అంతస్తుల ఇళ్ళలో దగ్గరి గుమ్మం తరచుగా ఒక హిందూ కుటుంబానిదో, బీహారు నుంచి పనికి వచ్చిన కుర్రవాళ్ళ గదిదో అవుతుంది. మాంసం వండే వంటింటి నుంచి వచ్చిన పాయసమైనా తినడానికి సంకోచించే శాకాహారులు ఉంటారు. వారిని తప్పుపట్టనక్కరలేదు. మనకు హలాల్ పట్టింపు ఉన్నట్లే వారికీ తమ పట్టింపు ఉంటుంది. అటువంటి గుమ్మానికి కూడా జంకు లేకుండా వెళ్ళగల కానుక ఒకటి ఉంది: పరిమళం చేర్చి ఇంట్లోనే చేసిన చక్కెర బిళ్ళలు. పొయ్యి అక్కరలేదు, పాలు, నెయ్యి, జెలటిన్ ఏవీ తగలవు. షీర్ ఖుర్మా గిన్నె పట్టుకొని బాలానగర్ స్టేషనులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలోని కార్యాలయానికి చేరడం ఎవరివల్లా కాదు. బిళ్ళల పెట్టె మాత్రం చేతిసంచిలో నిశ్చింతగా ప్రయాణిస్తుంది.

చక్కెర మనకు కొత్త వస్తువు కాదు. సంస్కృతంలోని శర్కర పారసీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, అక్కడినుంచి ఐరోపా భాషలకు వెళ్ళింది. మనం కలకండ అంటున్న మాటలోని ఖండమే ఇరానీయుల ‘ఖంద్’. వారు ఆ ఖంద్ ముక్కను పంటి కింద పెట్టుకొని పాలు లేని తేనీరు చప్పరిస్తారు. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు పెట్టినవారి పూర్వీకుల అలవాటు అది. ఇక్కడికి వచ్చాక చాయ్‌లో పాలు, చక్కెర ముందే కలిసిపోయి ఆ ముక్క కనుమరుగైంది. పదకొండవ శతాబ్దంలో కైరో నగరాన్ని చూసిన పారసీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, రమజాన్ ముగింపు విందులో సుల్తాను కోసం కొమ్మలు, ఆకులు, పండ్లు సహా చక్కెరతోనే నిర్మించిన నారింజ చెట్టును వర్ణించాడు. ప్రభువుల ఆడంబరం అది, మనకు పనికిరాదు. అయినా చక్కెరను అచ్చుపోసి పండుగ జరుపుకోవడం ఎంత పాతదో దానివల్ల తెలుస్తుంది. తెలుగునాట పెళ్ళిళ్ళలో పంచే చక్కెర చిలకలు, తెలంగాణ పల్లెల్లో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు కూడా అచ్చు పనే. వాటికి పాకం కాచాలి. మన బిళ్ళలకు పాకం ఉండదు.

ఇప్పుడు అందరూ ఎరిగిన నలుచదరపు బిళ్ళ 1840లలో, నేటి చెక్ దేశంలోని డాచిట్సె అనే ఊళ్ళో పుట్టింది. ఆ రోజుల్లో చక్కెర గోపురంలాంటి గట్టి ముద్దగా వచ్చేది, దానిని సుత్తితోనూ కత్తెరతోనూ పగులగొట్టుకోవాలి. అలా కొడుతూ భార్య వేలికి గాయం చేసుకోవడం చూసి, అక్కడి చక్కెర కర్మాగారాన్ని నడుపుతున్న యాకుబ్ రాడ్ తడి చక్కెరను అచ్చులో నొక్కి ఆరబెట్టే ఉపాయం కనిపెట్టాడని చెబుతారు. 1843లో ఆయనకు దానిపై హక్కు పత్రం లభించింది. ఇంటి ఆడవారి కష్టం చూసి మగవాడు అచ్చు తయారుచేశాడన్న ఈ కథ బాలానగర్‌లో బాగా అర్థమవుతుంది. అచ్చులు, పనిముట్లు తయారుచేయడం నేర్పే కేంద్రీయ సంస్థ 1968 నుంచి ఇక్కడే ఉంది. దాని చుట్టూ ఉన్న వీధుల్లో ప్రెస్సు టూళ్ళు, అచ్చులు చేసే చేతులకు కొదవలేదు. కాని ఒక హెచ్చరిక. షెడ్డులో మిగిలిన అల్యూమినియం ముక్కతో మీవారు ముచ్చటపడి అచ్చు చేసి తెచ్చినా ఈ పనికి వాడకండి. యంత్రపు నూనె లోహపు గీతల్లో దాగి ఉంటుంది. ఆహారానికి తగినదని ముద్ర ఉన్న సిలికాన్ అచ్చు కొనుక్కోవడమే మేలు.

అచ్చు లేకపోయినా ఫరవాలేదు. అంచున్న పళ్ళెంలో బటర్ పేపరు పరచి, దానిమీద చక్కెరను ఒకటిన్నర సెంటీమీటర్ల మందంగా నొక్కి, తడిగా ఉన్నప్పుడే స్కేలు పెట్టి అంతే కొలతలో చదరాలుగా గాట్లు పెట్టండి. ఆరిన తరువాత గాటు వెంబడి విరుగుతాయి. ఇలా చేసిన బిళ్ళ సుమారు 4 గ్రాములు తూగుతుంది, అంటే ఒక చెంచాడు చక్కెర. కిలో చక్కెరకు దాదాపు 250 బిళ్ళలు వస్తాయి. పెట్టెకు 20 చొప్పున పన్నెండు ఇళ్ళకు సరిపోతాయి. కిలో మిఠాయి ఖరీదు ముందు కిలో చక్కెర ఖరీదు ఎంతో మీకే తెలుసు.

పాళ్ళు సులువు. 200 గ్రాముల చక్కెరకు, అంటే సుమారు ఒక కప్పుకు, రెండు చిన్న చెంచాల ద్రవం, 10 మిల్లీలీటర్లు. అంతకు మించకూడదు. సన్నరకం చక్కెర అయితే నేరుగా వాడవచ్చు. పెద్ద పలుకులదైతే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, పిండి కానివ్వకండి. ద్రవాన్ని చుక్కలుగా చల్లుతూ వేళ్ళతో కలపాలి. గుప్పిట పట్టి వదిలితే తడి ఇసుకలా ముద్ద నిలవాలి, వేలికి తడి అంటకూడదు. జరిగేది ఇదీ: ఆ కొద్ది నీరు ప్రతి పలుకు పైపొరను కరిగిస్తుంది. ఆరేటప్పుడు ఆ కరిగిన చక్కెర మళ్ళీ స్ఫటికమై రెండు పలుకుల మధ్య వంతెనలా గట్టిపడుతుంది. నీరు తక్కువైతే వంతెనలు చాలక బిళ్ళ పొడి అవుతుంది. ఎక్కువైతే పలుకులే కరిగి, బిళ్ళ అచ్చుకు అతుక్కుపోయి, చాయ్‌లో వేస్తే కరగని రాయి అవుతుంది. అందుకే కొలత చెంచాతోనే, కంటి అంచనాతో వద్దు. అచ్చులో నింపేటప్పుడు మూలలు మొదట నొక్కి, తరువాత మధ్యభాగం నొక్కండి. బెల్లంతోనూ, తేనెతోనూ ఈ పని కుదరదు. వాటిలోని గ్లూకోజు, ఫ్రక్టోజులు గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటాయి.

ఆరబెట్టడానికి ఫ్యాను కింద ఒక రాత్రి చాలు. వచ్చే కొన్నేళ్ళు రమజాన్ చలికాలపు చివరి దినాల్లో, ఆ చుట్టుపక్కల వస్తుంది కనుక హైదరాబాదు గాలి పొడిగానే ఉంటుంది. వానకాలపు పెళ్ళికి చేయదలిస్తే 100 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచి, ఆపి, తలుపు తీసి అందులోనే చల్లారనివ్వండి. నడి ఎండలో మాత్రం పెట్టకండి, కుంకుమపువ్వు రంగు, గులాబీ వాసన రెండూ పోతాయి. చీమల సంగతికి మన అమ్మమ్మల పద్ధతే ఉంది కదా, పీట కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు.

ఇక పరిమళాల సంగతి. ఇక్కడే కొంత జాగ్రత్త కావాలి. బజారులో సీసాల్లో దొరికే ఎసెన్సులు, ముఖ్యంగా వెనిలా, చాలావరకు ఆల్కహాల్‌లో తీసినవి. దాని అనుమతి గురించి పండితుల మధ్య చర్చ ఉంది. మనకు ఆ చర్చే అవసరం లేనంతగా మంచి సరుకు ఇంట్లోనే ఉండగా సీసా ఎందుకు? నీటి బదులు రెండు చెంచాల పన్నీరు కలిపితే గులాబీ బిళ్ళ. మొగలి నీరు ఘాటైనది కనుక అర చెంచా, మిగతా ఒకటిన్నర చెంచా మంచినీరు. కుంకుమపువ్వు పదిహేను ఇరవై రేకులను రెండు చెంచాల గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు నానబెట్టి రేకులతో సహా కలపండి. పాలలో నానబెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, బిళ్ళ నిలవ ఉండదు. ఏలకుల పొడి కప్పుకు అర చెంచా. శొంఠి కూడా అంతే. రెండింటినీ పలుచని బట్టలో జల్లించకపోతే చాయ్ అడుగున మడ్డి చేరుతుంది. పాలు లేని సులేమానీ చాయ్ కోసం నిమ్మతొక్క పైపొరను మాత్రం గీరి, నీడన ఎండబెట్టి పొడిచేసి కలపండి. దాని చీటీమీద ‘పాలు లేని టీకి’ అని రాయడం మరువకండి. అలంకారానికి గులాబీ రేకులు చల్లదలిస్తే తినడానికే అమ్మే ఎండు రేకులు తెచ్చుకోవాలి. పూల అంగడి గులాబీలమీద పురుగుమందు చల్లి ఉంటుంది.

చక్కెరను తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతారన్న భయాన్ని కొందరు వ్యక్తం చేస్తుంటారు. కొన్ని దేశాల్లో ఆ పద్ధతి ఉన్నమాట నిజం. మన దేశపు మిల్లులు అత్యధికంగా సున్నంతోనూ గంధకపు వాయువుతోనూ చెరకు రసాన్ని తేటపరుస్తాయి. కనుక ఆ సంశయంతో కిరాణా కొట్టు చక్కెరను పక్కన పెట్టనక్కరలేదు.

అయితే ఈ కానుకకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని అంచనా వేసింది. మనం లెక్కపెట్టుకున్న పన్నెండు గుమ్మాల్లో ఒకటి రెండింట్లోనైనా మాత్రలు మింగేవారు తప్పక ఉంటారు. వారికి చక్కెర పంపడం ప్రేమ అవుతుందా? నా ఉద్దేశంలో ఆ ఇంటికి అవే ఏలకులు, శొంఠి, కుంకుమపువ్వు చక్కెర లేకుండా చాయ్ మసాలాగా చిన్న సీసాలో పంపడం మర్యాద. విడిగా పంపామన్న భావన కలగకుండా పెట్టె మాత్రం అందరిదీ ఒకే తీరున ఉండాలి. మిగిలినవారికి బిళ్ళ ఒకందుకు మేలే చేస్తుంది. చెంచాతో వేసేటప్పుడు లెక్క ఉండదు, బిళ్ళకు ఉంటుంది. పైన చేర్చే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకపోతే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది, అంటే ఆరు బిళ్ళలు. మూడు చాయ్‌లకు రెండేసి చొప్పున వేసుకుంటే మిఠాయి ముట్టకముందే ఆ లెక్క పూర్తయింది.

మధుమేహం ఉండి ఉపవాసం పాటించేవారి ఇంట్లో పరిమళం లేని తెల్ల బిళ్ళలు నాలుగు విడిగా పొట్లం కట్టి ఉంచాలి. ఇది కానుక కాదు, రక్షణ. పగటివేళ వణుకు, చెమట, కళ్ళు తిరగడం వచ్చి, రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే ఆ క్షణమే ఉపవాసం విరమించాలి. ఇఫ్తార్‌కు ఇంకా అరగంటే ఉందని ఆగరాదు. ప్రాణం మీదికి తెచ్చుకొమ్మని షరీఅత్ కోరదు, ఆ ఉపవాసం తరువాత పూర్తిచేయవచ్చు లేదా వారి పరిస్థితికి తగిన పరిహారం ఉంది. సుమారు 15 గ్రాముల చక్కెర, అంటే నాలుగు బిళ్ళలు నీటితో తీసుకొని పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, వారి వద్ద గ్లూకోజు పొడి ఉండాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ వేయకండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ పని ఎప్పుడు పెట్టుకోవాలంటే రమజాన్ రెండవ పది రోజుల్లోనే ముగించండి. చివరి పది రాత్రులు వంటింటికి ఇవ్వదగినవి కావు. గాలి చొరని డబ్బాలో బిళ్ళలు నెలల తరబడి నిలుస్తాయి కనుక తొందర లేదు. పాళ్ళు కొలతతోనే సాగుతాయి కనుక ఉపవాసంలో నాలుకపై రుచి చూడవలసిన అవసరమూ రాదు. నొక్కే పని పిల్లలకు అప్పగించండి, వారి వేళ్ళు ఆ చిన్న గళ్ళకు సరిగ్గా సరిపోతాయి. గులాబీ, కుంకుమపువ్వు, శొంఠి బిళ్ళలను ఒకే పెట్టెలో కలపకండి, రెండు రోజుల్లో అన్నిటికీ శొంఠి వాసనే పడుతుంది. వేర్వేరు కాగితపు పొట్లాలలో చుట్టి, పెట్టెమీద అందులో ఏమేమి ఉన్నాయో, ఏ రోజు చేశారో తెలుగులో రాయండి. విరిగిన బిళ్ళలు పారవేయకండి, పండుగ ఉదయం మీ ఇంటి షీర్ ఖుర్మాలోకి అవే చక్కెర.