కొలిమికా, కలెక్టరుకా?

పాడుబడ్డ గుడో, పాటిదిబ్బో కనబడితే చాలు, దాని కింద లంకెబిందెలున్నాయంటారు మన పల్లెల్లో. మా రామతీర్థంలో గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలు చూసివచ్చిన పిల్లలు సైతం మొదట అడిగేది, "అక్కడ బంగారం దొరికిందా మాస్టారూ?" అనే.

బంగారం దొరికిన చోటొకటి చెబుతాను, వినండి. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంతలో రోము దేశపు బంగారు నాణేలు! రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కొలిమిలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా దక్కించుకోగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో ఈ సంగతి ఉత్తరంలో రాయబట్టి మనకు తెలిసింది. వాటిమీద ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముఖాలూ, ఫౌస్టినా రాణి ముఖమూ ఉన్నాయి. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్లు మెరుస్తున్నాయట. కొన్నిటికి చిల్లులున్నాయి. అంటే మన కాసులపేరులాగే ఎవరో వాటిని ఒంటిమీద ధరించారన్నమాట.

కరిగితే మాత్రం పోయేదేముంది, బంగారం బంగారమే కదా అంటారేమో. భౌతికశాస్త్రం ప్రకారం నిజమే. కరిగించినా ద్రవ్యరాశి మారదు, చల్లారాక సాంద్రత మళ్ళీ ఘనసెంటీమీటరుకు 19.3 గ్రాములే. గీటురాయికి తేడా తెలియదు. పోయేదల్లా బొమ్మా, బొరుసూ.

ఆ బొమ్మ అలంకారం కాదు. పత్రికలు, రేడియో లేని రోజుల్లో చక్రవర్తి ఎవరో, ఎలా ఉంటాడో దూరదేశాల ప్రజలకు తెలిపింది నాణేలే. ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టినా క్రీ.శ. 140లో చనిపోయింది. ఆ తరువాత ఆమె పేర కొట్టిన నాణేలపై 'దివా' అనే మాట ఉంటుంది. దేవతలలో చేరిందని అర్థం. (మన 'దేవి'కి చుట్టమే ఆ మాట!) అటువంటి నాణెం ఒక్కటి ముంతలో ఉన్నా, ఆ ముంతను 140కి ముందు పాతిపెట్టలేదని ఖాయంగా చెప్పవచ్చు. ఆ ఒక్కటీ కరిగిపోతే లెక్క తప్పుతుంది. బరువు కూడా సాక్ష్యమే. నీరో చక్రవర్తి 64లో బంగారు నాణేన్ని సుమారు 7.7 గ్రాముల నుంచి 7.3కి తగ్గించాడు. నాణెం చిక్కింది గాని, దానిమీద ఆయన ముఖం మాత్రం ఏటేటా లావెక్కింది!

విశాఖపట్నం దగ్గర తొట్లకొండలో అయిదు రోము వెండి నాణేలు దొరికాయి. శాస్త్రీయంగా తవ్వారు కనుక, మన తీరానికి రోముతో వర్తకం ఉండేదనడానికి అవి సాక్ష్యంగా మిగిలాయి. నెల్లూరు ముంతలో ఎన్నుండేవో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

నెల్లూరు రైతును నేను తప్పుపట్టను. అతనికి చెప్పినవారు లేరు, అప్పటికి చట్టమూ లేదు. మనకు 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచడం నేరం. ఇది దొరికినవాడి నోరు కొట్టే చట్టమని పెద్దలు భయపడుతుంటారు. మీరే వారికి చెప్పండి: నిధిని ప్రభుత్వం తీసుకుంటే, హక్కుదారులకు లోహం విలువ కట్టి, దానిపై మరో అయిదోవంతు కలిపి ఇవ్వాలని అందులోనే రాసి ఉంది. ఏ కంసాలి ఇస్తాడు అంత?